పెళ్ళి డెకరేషన్ షాపు డ్రై ఐస్‌తో తోకచుక్క: ఒక సైన్స్ టీచర్ రివ్యూ

కొన్నది డ్రై ఐస్ గుళికలు, అయిదు కిలోలు. కొన్నచోటు శ్రీకాకుళం టౌన్లో పెళ్ళి స్టేజీలు కట్టే ఒక డెకరేషన్ షాపు. కిలో 160 రూపాయలు. థర్మాకోల్ పెట్టెకు 200 అడ్వాన్సు, పెట్టె తిరిగిస్తే ఆ డబ్బు ఇచ్చేస్తారు. నేను నరసన్నపేట దగ్గర ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. తోకచుక్క తన మంచులోంచి వాయువునీ ధూళినీ ఎలా చిమ్ముతుందో పదో తరగతి పిల్లలకు కళ్ళారా చూపించాలని కొన్నాను. సరుకు చాలా బాగుంది. షాపువాళ్ళ మర్యాద ఇంకా బాగుంది. ప్యాకింగ్ మాత్రం ప్రమాదం. దాని గురించి కింద వివరంగా రాశాను, కొనాలనుకునేవాళ్ళు ఆ పేరా తప్పకుండా చదవండి.

మన జిల్లాలో డ్రై ఐస్ ఎక్కడ దొరుకుతుందని తోటి టీచర్లు అడుగుతుంటారు. పెళ్ళికూతురూ పెళ్ళికొడుకూ స్టేజి ఎక్కుతుంటే కాళ్ళ చుట్టూ తెల్లటి పొగ పాకుతుంది కదా, డ్రై ఐస్‌ని వేడినీళ్ళలో వేస్తే వచ్చేది అదే. అందుకని డెకరేషన్ వాళ్ళు విశాఖ నుంచి తెప్పించుకుంటారు. కొందరు ఫాగ్ మెషీన్లో పోసే లిక్విడ్ వాడతారు, అది మనకు పనికిరాదు. ఫోన్లోనే "డ్రై ఐసేనా?" అని అడిగి ఖాయం చేసుకోండి. ముహూర్తాలు జోరుగా ఉన్నప్పుడు వాళ్ళ దగ్గర సరుకు ఎలాగూ ఉంటుంది, అందులోంచి మనకు రెండు మూడు కిలోలైనా తూచి ఇస్తారు. మూఢంలో అయితే మన ఒక్కరి కోసం తెప్పించాలి కాబట్టి పది కిలోలకు తక్కువైతే తేలేమంటారు. ఈ పాఠం మాఘమాసంలోనో శ్రావణమాసంలోనో పెట్టుకుంటే ఖర్చు కలిసొస్తుంది.

"ఏటమ్మా, పెళ్ళికా, ఓణీల ఫంక్షన్‌కా?" అని అడిగారు కౌంటర్లో ఉన్నాయన. స్కూలుకండీ, పిల్లలకు తోకచుక్క చేసి చూపించాలి అన్నాను. "ఐసుతోటి తోకచుక్కా!" అంటూ కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టారు. మొత్తం చెప్పించుకున్నారు. తూచడం అయ్యాక ఇంకో దోసెడు గుళికలు పెట్టెలో పోసి, "పిల్లలకే కదమ్మా, ఉంచండి" అన్నారు. చిటికెన వేలంత లావు గుళికలు, పొడవు మాత్రం ఒక్కోటీ ఒక్కోలా ఉంది. మన పనికి ఇవే మంచివి. పెద్ద దిమ్మగా ఇస్తే గోనెసంచిలో వేసి సుత్తితో కొట్టాలి, ముక్కలు మొహం మీదకు ఎగురుతాయి.

ఇక ప్యాకింగ్. షాపు కుర్రాడు పెట్టె మూత చుట్టూ బ్రౌన్ టేపు వరసలు వరసలుగా బిగించేశాడు. చల్లదనం బయటికి పోకూడదని అతని ఉద్దేశం. ఇలా ఎట్టి పరిస్థితిలోనూ చెయ్యకూడదు. డ్రై ఐస్ అంటే గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్. ఒక్క కిలో పూర్తిగా వాయువైతే మన గదుల్లో ఉండే వేడికి దాదాపు 540 లీటర్లవుతుంది. అయిదు కిలోలంటే 2700 లీటర్లు. దానికి బయటికి పోయే దారి లేకపోతే థర్మాకోల్ పగులుతుంది. అదే సీసాలోనో స్టీలు క్యాన్లోనో వేసి మూత బిగిస్తే పేలి మనుషులకు గాయాలవుతాయి. అక్కడే టేపంతా విప్పించి, మూత వదులుగా పెట్టించి తెచ్చుకున్నాను. కారులో తెచ్చుకుంటే అద్దాలు దించి తీరాలి. ఈ వాయువు గాలికంటే బరువు, మూసిన చోట కింద పేరుకుంటుంది, ఊపిరాడదు. రాత్రిపూట పెట్టెను పడుకునే గదిలో ఉంచుకోవద్దు, వరండాలో పెట్టండి.

చేతికి ఇచ్చిన గ్లవ్స్ కూడా పల్చటి ప్లాస్టిక్‌వి. డ్రై ఐస్ మైనస్ 78 డిగ్రీల దగ్గర ఉంటుంది, కొన్ని క్షణాలు గట్టిగా పట్టుకుంటే చర్మం కాలినట్టే బొబ్బలెక్కుతుంది. వెల్డింగ్ పనివాళ్ళు వాడే తోలు గ్లవ్స్ హార్డ్‌వేర్ షాపుల్లో దొరుకుతాయి, అవి కొనుక్కోండి. షాపువాళ్ళు టేపు మానేసి, ఒక కాగితం మీద ఈ జాగ్రత్తలు రాసి ఇస్తే చాలు, నాకు ఇంకే ఫిర్యాదూ ఉండదు.

తూకం గురించి ఒక మాట. సాయంత్రం షాపులో అయిదు కిలోలకు కాస్త మొగ్గుగా తూగిన సరుకు, మర్నాడు స్కూల్లో కాటా మీద పెడితే నాలుగు కిలోల లోపే ఉంది. ఇందులో షాపు మోసం ఏమీ లేదు. పాఠం ఇక్కడే మొదలుపెట్టాను. మిగతాది ఎక్కడికి పోయిందని పిల్లల్ని అడిగాను. కరిగిపోయుంటుంది అన్నారు. అయితే నీళ్ళేవి? ఒకమ్మాయి గుళికలన్నీ గరిటెతో పక్కకు తోసి పెట్టె అడుగు చూసింది. "తడి కూడా లేదు టీచర్" అంది. స్టీలు గరిటె తగలగానే డ్రై ఐస్ కీచుమని అరిచింది, అందరూ ఉలిక్కిపడ్డారు. గరిటె వేడికి ఆ చోట వాయువు ఒక్కసారిగా పుట్టి, గరిటెను తోస్తూ వదుల్తూ అదిరిస్తుంది. ఆ అరుపు అదే.

ఘనం నుంచి నేరుగా వాయువు. పుస్తకంలో ఉత్పతనం అని ఒక లైనులో ఉంటుంది, పిల్లలు బట్టీపట్టి రాసేస్తారు. ఎందుకు కరగదో మాత్రం చాలామందికి తెలియదు. ఏ పదార్థమైనా ద్రవంగా నిలవాలంటే దాని మీద కొంత ఒత్తిడి ఉండాలి. కార్బన్ డయాక్సైడ్‌కు ఆ ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి అయిదు రెట్ల పైన కావాలి. అది ఇక్కడ లేదు కాబట్టి మన ఊళ్ళో ద్రవ కార్బన్ డయాక్సైడ్ గిన్నెలో నిలవదు. నీటికి కావలసిన ఒత్తిడి చాలా తక్కువ, మన గాలి ఒత్తిడిలో 165వ వంతు ఉన్నా చాలు. అందుకే ఇక్కడ ఐసు కరిగి నీళ్ళవుతుంది. అంతరిక్షంలో ఆ కాస్త ఒత్తిడి కూడా లేదు. అక్కడ నీటి ఐసు కూడా సరిగ్గా ఈ గుళికల్లాగే నడుచుకుంటుంది. సూర్యుడి వేడి తగలగానే నీళ్ళు కాకుండానే ఆవిరైపోతుంది. ఈ ఒక్క సంగతి పిల్లలకు పట్టుబడితే తోకచుక్క సగం అర్థమైనట్టే. షాపులో పెట్టిన 800 రూపాయలకూ నాకు దక్కిన అసలు ఫలితం ఇదే.

తయారీకి వద్దాం. రెండు గ్లాసుల నీళ్ళు, రెండు గుప్పిళ్ళు వంశధార ఇసుక, ఇస్త్రీ బండి దగ్గర అడిగి తెచ్చిన బొగ్గు దంచిన పొడి ఒక గుప్పెడు, ఒక చెంచా బెల్లం పాకం, ల్యాబ్‌లో ఉన్న పలచటి అమ్మోనియా రెండు చుక్కలు. వీటన్నిటికీ నిజం తోకచుక్కలో సరిజోడు ఉంది. ఇసుక అక్కడి రాతి ధూళికి బదులు. బెల్లం కార్బన్ ఉన్న సంక్లిష్ట పదార్థాలకు బదులు. అమ్మోనియా అక్కడా ఉంది. యూరప్ వాళ్ళ రోసెట్టా అంతరిక్ష నౌక 67పి అనే తోకచుక్క దగ్గర వాయువులను పరీక్షిస్తే అమ్మోనియాతోపాటు, కుళ్ళిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్, విషమైన హైడ్రోజన్ సయనైడ్ కూడా కనిపించాయి. ప్రొటీన్లకు ఇటుకలాంటి గ్లైసిన్ కూడా దొరికింది. ప్లాస్టిక్ టబ్బులో మందపాటి కవరు పరిచి, ఇవన్నీ కలిపి, గుళికల్ని ఒక కిలో దాకా కొంచెం కొంచెంగా పోస్తూ చెక్క తెడ్డుతో కలపాలి. గది నిండా తెల్లగా కమ్మేస్తుంది. తలుపులూ కిటికీలూ అన్నీ తెరిచి ఉంచాలి, పిల్లలు నిలబడి చూడాలి, నేల మీద కూర్చోకూడదు. తెడ్డు కదలనంత బిగిశాక తోలు గ్లవ్స్ వేసుకుని కవరుతో సహా ముద్దగా నొక్కాలి. పొడిపొడిగా రాలుతుంటే ఇంకాసిని నీళ్ళు పోసి మళ్ళీ నొక్కితే అతుక్కుంటుంది.

కవరు విప్పగానే పిల్లలు నిరాశపడ్డారు. మెరిసే తెల్లటి బంతి వస్తుందని ఎదురుచూశారు. వచ్చింది గుంటలూ మిట్టలూ ఉన్న నల్లటి ముద్ద. "ఏటి టీచర్, బొగ్గు బెడ్డలాగుంది" అన్నాడొకడు. వాడికి ఆ క్లాసులో మొదటి చప్పట్లు కొట్టించాను. 1986 మార్చిలో జొట్టో నౌక హేలీ తోకచుక్కకు 600 కిలోమీటర్ల దగ్గరగా వెళ్ళి చూసినప్పుడు ప్రపంచమంతా చూసింది ఇదే. 15 కిలోమీటర్ల పొడవున్న దాని కేంద్రకం, అంటే తోకచుక్క మధ్యలోని గట్టి గడ్డ, తన మీద పడ్డ వెలుతురులో నూటికి నాలుగు వంతులే వెనక్కి పంపుతోంది. అమెరికా ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ విపుల్ 1950లోనే తోకచుక్క కేంద్రకం అంటే ధూళి కలిసిన మంచుగడ్డ అని చెప్పాడు. అంత నల్లగా ఉంటుందని మాత్రం ముందు చాలామంది అనుకోలేదు. పైన మంచు ఎప్పుడో ఆవిరైపోయి ధూళి మిగిలిపోతే అది పెంకు కడుతుంది. వేడి ఆ పెంకులోంచి లోపలికి దిగాలి, లోపల పుట్టిన వాయువు ఆ పెంకులోంచే బయటికి రావాలి.

తర్వాత కిటికీ తలుపులు ఓరగా దించి, టెంట్ హౌస్ నుంచి తెచ్చిన ఫోకస్ లైటు ఒక పక్కనుంచి వేశాం. ఒకబ్బాయి టార్చి అడ్డంగా పట్టుకున్నాడు. ముద్ద మీద అంతటా సన్నగా పొగ వస్తోంది. కాసేపటికి లైటు పడుతున్న వైపు ఒక పగులు దగ్గర పొగ గట్టిపడింది. అన్నం కుండ మూత పక్కనుంచి ఆవిరి కొట్టినట్టు సన్నటి ధార సర్రుమని బయటికొచ్చింది. దాని దారిలో వేలు పెట్టించాను, చల్లటి గాలి తోస్తోంది అన్నారు. ఇంకో చోట చిన్న పెళ్ళ ఊడిపోయి అక్కడ కొత్త ధార మొదలైంది. ముద్ద కింద పరిచిన తెల్ల చార్టు మీద బొగ్గు నలుసులు, ఇసుక రేణువులు పడ్డాయి. ఎవరూ విసరలేదు, ఎవరూ కదపలేదు. వాయువే వాటిని మోసుకొచ్చి పడేసింది. నిజం తోకచుక్క మీద జరిగేది ఇదే పని. ధూళి తనంతట తాను ఎగరదు, దానికి చోదకం వాయువు.

ఇక్కడ 67పి లెక్కలు బోర్డు మీద రాశాను. రోసెట్టా 2014 ఆగస్టులో దాని దగ్గరికి చేరింది. ఆ ఏడాది జూన్‌లో, ఇంకా దూరంగా ఉండగానే, అది సెకనుకు 300 గ్రాముల నీటి ఆవిరి వదులుతున్నట్టు కొలిచారు. 2015 ఆగస్టు 13న సూర్యుడికి అతి దగ్గరగా, 18 కోట్ల 60 లక్షల కిలోమీటర్ల దూరానికి వచ్చింది. అప్పుడు సెకనుకు 300 కిలోలు. వెయ్యి రెట్లు. దాంతోపాటు ధూళి సెకనుకు 1000 కిలోల దాకా పోతోందని అంచనా. ఆ ధూళి మళ్ళీ వెనక్కి పడిపోదా అని ఒకమ్మాయి అడిగింది, చాలా మంచి ప్రశ్న. 67పి ఆకర్షణ ఎంత బలహీనమంటే సెకనుకు ఒక మీటరు వేగం, అంటే మనం నడిచేకంటే తక్కువ, ఉంటే చాలు ఏ వస్తువైనా తప్పించుకుపోతుంది. వాయువు వచ్చే వేగం సెకనుకు వందల మీటర్లు. బరువైన గులకలు కొన్ని మళ్ళీ కిందకే రాలతాయి. సన్నటి ధూళి మాత్రం వెళ్ళిపోతుంది. హేలీ అలా వదిలేసిన ధూళిలోంచే ఏటా అక్టోబరులో భూమి వెళ్తుంది, అప్పుడు మనకు ఉల్కలు రాలతాయి.

మన ముద్దలో లేనివి కూడా పిల్లలకు చెప్పాలి. ఆ తెల్లటి పొగ కార్బన్ డయాక్సైడ్ అనుకుంటారు. ఆ వాయువుకు రంగు లేదు, కనబడదు. చల్లదనానికి మన గాలిలోని తేమ చిన్న చిన్న నీటి బిందువులై తెల్లగా కనిపిస్తుంది. మన సముద్రతీరపు గాలిలో తేమకు లోటు లేదు కాబట్టి పొగ బ్రహ్మాండంగా వస్తుంది. అంతరిక్షంలో ఇలా జరగదు, అక్కడ మనకు కనిపించేది సూర్యకాంతిలో మెరిసే ధూళి, ఆ కాంతికి తామే వెలిగే వాయువులు. రెండోది, ఇక్కడ పొగ కిందకి జారుతుంది, అక్కడ అన్ని వైపులకూ విచ్చుకుని కేంద్రకం చుట్టూ వేల కిలోమీటర్ల మబ్బు అవుతుంది. మూడోది, మన ముద్దలో ఆవిరయ్యేది డ్రై ఐస్ ఒక్కటే. నీటి ఐసు మామూలుగా కరిగి చివరికి నల్లటి బురద మిగులుతుంది.

టేబుల్ ఫ్యాన్ పెట్టి తోక చూపించమని కొందరు సలహా ఇస్తారు. నేను పెట్టను. తోకచుక్క పరిగెత్తుతుంటే గాలికి తోక వెనక్కి ఎగురుతుందనే తప్పుడు ఊహ అప్పటికే పిల్లల మనసులో ఉంటుంది, ఫ్యాన్ దాన్ని ఖాయం చేసేస్తుంది. తోక దిశను తేల్చేది సూర్యుడు. సూర్యకాంతి తోపుడుకు ధూళి మెల్లగా సూర్యుడికి దూరంగా జరిగి వంపు తిరిగిన తోకవుతుంది. వాయువులో విద్యుదావేశం పొందిన కణాలను సౌరపవనం, అంటే సూర్యుడి నుంచి ఎప్పుడూ వీచే కణాల ప్రవాహం, లాక్కుపోయి, నీలంగా తిన్నటి రెండో తోక గీస్తుంది. తోకచుక్క సూర్యుడి నుంచి దూరంగా వెళ్ళేటప్పుడు తోక ముందుంటుంది, తల వెనకుంటుంది. 2024 సెప్టెంబరు చివర్లో త్సుచిన్షాన్-అట్లాస్ అనే తోకచుక్కను కళింగపట్నం బీచ్ నుంచి తెల్లవారుజామున బైనాక్యులర్స్‌లో చూశాను. సూర్యుడు ఇంకా సముద్రం కిందే ఉన్నాడు, తోక పైకి నిలబడి ఉంది. క్లాసులో బొమ్మ గీసేటప్పుడు ఆ ఒక్క ఉదాహరణ సరిపోయింది.

ఉత్త బొమ్మలాట కోసం డ్రై ఐస్ వాడతారని అనుకునేవాళ్ళకు ఒకటి చెప్పాలి. కొన్ని తోకచుక్కల్లో ఉన్నది నిజంగా డ్రై ఐసే. 2010 నవంబరు 4న నాసా నౌక ఒకటి హార్ట్‌లీ 2 పక్కనుంచి వెళ్ళింది. రెండు కిలోమీటర్ల పొడవున్న ఆ చిన్న తోకచుక్క కొసలోంచి కార్బన్ డయాక్సైడ్ ధారలు కొడుతూ నీటి ఐసు ముక్కల్ని కూడా తమతో ఎగరేసుకుపోతున్నాయి. 2025 జూలైలో కనిపెట్టిన, మన సౌరకుటుంబం బయటినుంచి వచ్చిన 3ఐ/అట్లాస్‌లో జేమ్స్ వెబ్ టెలిస్కోపుకు నీటి ఆవిరికన్నా కార్బన్ డయాక్సైడే చాలా ఎక్కువగా కనిపించింది. నీటి ఐసు జోరుగా ఆవిరవ్వాలంటే తోకచుక్క సూర్యుడికి 45 కోట్ల కిలోమీటర్ల లోపలికి రావాలి. ఇలాంటి ఐసులకు అంత వేడి అక్కర్లేదు. 2017లో కనిపెట్టిన కె2 అనే తోకచుక్క శని కక్ష్యకు అవతల, 240 కోట్ల కిలోమీటర్ల దూరంలోనే మబ్బు కమ్ముకుని కనిపించింది.

ఇంకొక ఆట కూడా తప్పకుండా చెయ్యండి. గుళికల్లో కాస్త చదునైనది ఒకటి నున్నటి టైలు మీద పెట్టి చిటికెన వేలికి గ్లవ్ వేసి తాకితే చాలు, ఆగకుండా జారుకుంటూ పోతుంది. కింద పుట్టే వాయువు దాన్ని నేలకు తగలనివ్వదు. వాయువు తోస్తే వస్తువు కదులుతుందని అర్థమయ్యాక ఎంకే తోకచుక్క సంగతి చెప్పాను. మూడేళ్ళ మూడు నెలలకోసారి వచ్చే ఆ తోకచుక్క లెక్కకంటే గంటల ముందే వస్తుంటే 19వ శతాబ్దంలో ఖగోళ శాస్త్రవేత్తలు తల పట్టుకున్నారు. దాని ఒంట్లోంచి వచ్చే వాయుధారలే రాకెట్‌లా దాన్ని తోస్తున్నాయని విపుల్ తేల్చాడు. లెక్కలంటే భయపడే పిల్లలు కూడా ఆ గంటల కథ నోరు తెరుచుకుని విన్నారు.

చివరికి మిగిలినవి సింకులోనో బాత్రూంలోనో పొయ్యకండి, ఆ చలికి పైపులు పగులుతాయి. ఆరుబయట, పిల్లలూ కుక్కలూ రాని చోట, పెట్టె మూత తీసి వదిలేస్తే దానంతట అదే పోతుంది.

షాపుకు అయిదుకు నాలుగు ఇస్తున్నాను, ఆ ఒక్కటీ తగ్గించింది టేపుకీ గ్లవ్స్‌కీ. ఒక సెక్షనుకు మూడు కిలోలు సరిపోతాయి, ముందురోజు సాయంత్రం కొంటే ఒక కిలో అదనంగా తీసుకోండి. పొద్దున్నే షాపు తెరిచే వీలుంటే అప్పుడే తెచ్చుకోవడం ఇంకా మేలు. మూఢం రోజుల్లోనే కావాలంటే పక్క స్కూలు వాళ్ళతో కలిసి పది కిలోలు చెప్పండి, సగం సగం పంచుకోవచ్చు.